నేర్చుకున్నదే స్వభావంలా ఎందుకు అనిపిస్తుంది, మార్చుకోవడం ఎందుకు కష్టం?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: "ఎవరి ముందు ఎలా మెలగాలి, ఎక్కడ నోరు విప్పాలి, దేనికి సిగ్గుపడాలి అన్నవన్నీ సంస్కృతి నేర్పినవే అంటారు. నాకు మాత్రం అవి నా స్వభావంలాగే అనిపిస్తాయి. నిజంగా నేర్చుకున్నవే అయితే, కొన్ని తప్పని తెలిశాక కూడా ఎందుకు వదిలించుకోలేకపోతున్నాం?"

నేను సామాజిక మనోవిజ్ఞానం బోధిస్తాను. ఉద్యోగాల కోసం దేశం మారేవాళ్లతోనూ, రకరకాల నేపథ్యాల మనుషులు కలిసి పనిచేసే సంస్థలతోనూ చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. దాదాపు ఇదే ప్రశ్న ఏదో ఒక రూపంలో నా దగ్గరికి వస్తూనే ఉంటుంది.

ముందు సూటిగా జవాబు. నేర్చుకునే శక్తి పుట్టుకతో వస్తుంది. ఏం నేర్చుకున్నామన్నది ఎవరి మధ్య పెరిగామన్నదాన్ని బట్టి ఉంటుంది. భయం, కోపం, ఆప్యాయత, నలుగురిలో కలవాలన్న ఆరాటం అందరికీ ఉన్నవే. కోపం ఎవరి ముందు చూపించొచ్చు, ఆప్యాయత మాటల్లో చెప్పాలా చేతల్లో చూపాలా అన్నది చుట్టూ ఉన్నవాళ్ల నుంచి వస్తుంది. వదిలించుకోలేకపోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, మనకు ఆలోచించే వయసు రాకముందే ఇవి ఒంటబట్టేశాయి. రెండోది ఇంకా ముఖ్యమైనది, చాలామంది గమనించనిది. కట్టుబాటు ఒక్కరి తలలో ఉండే నమ్మకం మీద నడవదు. "అందరూ ఇలాగే చేస్తారు, నేను చేయకపోతే తప్పుపడతారు" అన్న అంచనా మీద నడుస్తుంది. నా అభిప్రాయం నేను మార్చుకోగలను గానీ, పక్కవాళ్ల గురించి నా అంచనా దాంతోపాటు మారదు.

ఒంటబట్టడం ఎంత తొందరగా మొదలవుతుందో చూడండి. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. ఇంగ్లీషు మాత్రమే వినపడే ఇళ్లలో పెరుగుతున్న పసిపిల్లలకు హిందీలోని త, ట శబ్దాలను వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఆ తేడా పట్టేశారు. పది నుంచి పన్నెండు నెలల పిల్లల్లో చాలామంది పట్టలేకపోయారు. హిందీ వింటూ పెరిగే పిల్లలకైతే ఆ వయసులోనూ తేడా తెలుస్తూనే ఉంది. చిన్నప్పటి నుంచి ఈ రెండు అక్షరాలూ పలికే మనకు, వాటి మధ్య తేడా వినపడకపోవడం ఊహకు కూడా అందదు. మొదటి పుట్టినరోజు రాకముందే, చుట్టుపక్కల అవసరం లేని తేడాలను మన చెవి పట్టించుకోవడం మానేస్తుందన్నమాట. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, ఎవరూ నేర్చుకోవాలనుకోలేదు.

తర్వాత అనుకరణ. పిల్లలు పెద్దల్ని చూసి చేస్తారని అందరికీ తెలుసు, కానీ ఎంత కచ్చితంగా చేస్తారో తెలిసినవాళ్లు తక్కువ. విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ 2005లో చింపాంజీలనూ మూడు నాలుగేళ్ల పిల్లలనూ పోల్చి చూశారు. పెట్టెలో బహుమతి పెట్టి, దాన్ని తీసే ముందు పుల్లతో కొన్ని అనవసరమైన పనులు చేసి చూపించారు. లోపలేముందో కనపడని పెట్టె అయితే ఇద్దరూ అన్నీ అలాగే చేశారు. లోపలంతా కనపడే పెట్టె ఇచ్చేసరికి, ఆ పై పనుల వల్ల జరిగేదేమీ లేదని చింపాంజీలు కనిపెట్టి నేరుగా బహుమతి తీసుకున్నాయి. పిల్లలు మాత్రం పనికిరాని పనులను కూడా వరసగా చేస్తూనే ఉన్నారు.

ఇది విని నా విద్యార్థులు "అయితే చింపాంజీలే తెలివైనవా?" అంటారు. వాళ్లకు నేను అమెజాన్ ప్రాంతపు టుకానో ప్రజల సంగతి చెబుతాను. వాళ్ల ముఖ్య ఆహారం చేదు కర్రపెండలం. అందులో సయనైడ్ తయారవుతుంది. తురమడం, కడగడం, పిండి నుంచి నీటిని వేరుచేయడం, పిండిని రెండు రోజులు నిలవ ఉంచడం, ఆ తర్వాతే కాల్చడం అనే క్రమంతో ఆ విషం పోతుంది. ఉడకబెట్టేస్తే చేదు పోతుంది, వెంటనే వచ్చే జబ్బు కూడా చాలావరకు తగ్గుతుంది. మిగిలిన కాస్త విషం చేసే హాని ఏళ్ల తర్వాత గానీ బయటపడదు. "రెండు రోజులు ఎందుకు ఆగాలి, నాకేం తేడా కనపడలేదే" అని తర్కించే మనిషి అక్కడ నెమ్మదిగా జబ్బుపడతాడు. అమ్మ ఎలా చేసిందో అలాగే చేసే మనిషి బాగుంటుంది. కారణం తెలియకుండా నమ్మి అనుకరించగలగడం వల్లే ఒక తరం కూడబెట్టింది ఇంకో తరానికి అందింది. అయితే ఈ శక్తికి మంచిదేదో చెడ్డదేదో వేరుచేయడం తెలియదు. పనికొచ్చే పద్ధతినీ, హాని చేసే ఆచారాన్నీ ఒకే నమ్మకంతో చేరవేస్తుంది.

పిల్లలు అనుకరించి ఊరుకోరు, కాపలా కూడా కాస్తారు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో హానెస్ రాకోట్జీ, మైకేల్ టొమసెల్లో బృందం 2008లో ప్రచురించిన ప్రయోగంలో పిల్లలకు ఒక కొత్త ఆట చూపించారు. తర్వాత ఒక బొమ్మ వచ్చి దాన్ని ఇంకోలా ఆడింది. మూడేళ్ల పిల్లలు ఊరుకోలేదు, "అలా కాదు" అంటూ సరిదిద్దారు. అంతకు కాసేపటి ముందు వరకు ఆ ఆటే వాళ్లకు తెలియదు.

ఇక మీ అసలు బాధ: "స్వభావంలా ఎందుకు అనిపిస్తుంది?" ఎందుకంటే కట్టుబాటు మీరినప్పుడు ముందు తెలిసేది శరీరానికి. 1970లలో స్టాన్లీ మిల్‌గ్రామ్ తన విద్యార్థుల్ని న్యూయార్క్ భూగర్భ రైళ్లలో ఒక చిన్న పని చేయమన్నాడు. కూర్చున్నవాళ్ల దగ్గరికి వెళ్లి, కారణమేమీ చెప్పకుండా "మీ సీటు నాకిస్తారా?" అని అడగడం. సుమారు మూడింట రెండు వంతుల మంది లేచి ఇచ్చారు, లేదా జరిగి చోటిచ్చారు. నాకు ఆసక్తి కలిగించేది ఆ లెక్క కాదు, అడిగినవాళ్ల పరిస్థితి. కొందరికి కడుపులో తిప్పింది. మిల్‌గ్రామ్ తానే అడగబోతే మాట గొంతు దాటలేదు. చివరికి ఎలాగో అడిగి, సీటు దొరికాక, ఒంట్లో బాగోలేని మనిషిలా తల దించుకుని కూర్చున్నాడు. అడిగినందుకు ఏదో ఒక న్యాయం కనపడాలి కదా మరి.

నేను క్లాసులో ఇంకా తేలికైనది చేయిస్తుంటాను. లిఫ్టులో తలుపు వైపు కాకుండా మనుషుల వైపు తిరిగి నిలబడమంటాను. దానికి వ్యతిరేకంగా చట్టం లేదు, జరిమానా లేదు, ఎవరికీ నష్టం లేదు. అయినా గుండె దడ, చేతులకు చెమట. కొందరు ఒక్క అంతస్తు దాటకముందే తలుపు వైపు తిరిగిపోతారు. లిఫ్టులో ఎటు తిరగాలన్నది ఎవరికీ జన్యువుల్లో రాసి ఉండదు. లిఫ్టులే నిన్నగాక మొన్న వచ్చినవి. అయినా మీరితే ఒళ్లు అంతగా ఎదురుతిరుగుతోంది. అలాంటప్పుడు పెద్దల ముందు మాట్లాడటం, ఏడవటం, కాదని చెప్పడం లాంటి బరువైన విషయాల్లో ఒళ్లు ఎదురుతిరిగితే, దాన్ని స్వభావానికి రుజువుగా తీసుకోలేం. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అంటారు. మన బుద్ధుల్లో చాలావాటిని పుట్టుక ఖాతాలో తప్పుగా రాసుకున్నామని నా నమ్మకం.

అలాగని అంతా నేర్పుడే అనేవాళ్లతోనూ నేను ఏకీభవించను. పుట్టుకతోనే చూపులేని జూడో క్రీడాకారులను 2004 ఏథెన్స్ పారాలింపిక్స్‌లో ఫొటోలు తీసి డేవిడ్ మత్సుమోటో, బాబ్ విల్లింగ్‌హామ్ పరిశీలించారు. గెలిచినప్పుడూ ఓడినప్పుడూ వాళ్ల ముఖకవళికలు చూపున్నవాళ్లలాగే ఉన్నాయి. ఇంకొకరి ముఖం ఎన్నడూ చూడనివాళ్లు వాటిని చూసి నేర్చుకునే వీలే లేదు కదా. అంతకుముందు పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసెన్ జపాన్, అమెరికా విద్యార్థులకు ఇబ్బంది పెట్టే దృశ్యాలు చూపించారు. ఒంటరిగా చూసినప్పుడు ఇద్దరి ముఖాల్లోనూ ఒకే తీరు. పరిశోధకుడు ఎదురుగా కూర్చున్నప్పుడు జపాన్ విద్యార్థులు ఆ ఇబ్బందిని చిరునవ్వుతో కప్పేయడం ఎక్కువగా కనపడింది. భావం ఒకటే, దాన్ని ఎక్కడ బయటపెట్టాలన్న నియమం వేరు.

న్యాయం గురించిన మన అభిప్రాయాలు కూడా ఇలాంటివే. జోసెఫ్ హెన్రిక్, అతని సహచరులు 15 చిన్న సమాజాల్లో ఒక ఆట ఆడించి 2001లో ఫలితాలు ప్రకటించారు. ఒకరికి కొంత డబ్బిస్తారు. అతను అందులో కొంత రెండోవాడికి ఇవ్వజూపాలి. రెండోవాడు కాదంటే ఇద్దరికీ ఏమీ దక్కదు. పెరూలోని మచిగెంగా ప్రజలు సగటున పావు వంతు ఇవ్వజూపారు, తీసుకునేవాళ్లు పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. ఇండోనేషియాలో తిమింగలాలను కలిసి వేటాడే లమలేరా ప్రజలు సగం కంటే ఎక్కువే ఇవ్వజూపారు. పాపువా న్యూ గినీలోని ఔ, న్యావ్ ప్రజల్లో కొందరు సగానికి మించి ఇచ్చినా వద్దన్నారు. అక్కడ పెద్ద బహుమతి తీసుకుంటే రుణపడిపోయినట్టు, ఇచ్చినవాడు ఎప్పుడైనా, ఎలాగైనా తీర్చమని అడగొచ్చు. వేటాడే పద్ధతి, పంచుకునే పద్ధతి, ఇచ్చిపుచ్చుకునే పద్ధతి అన్నీ ఆ కాస్త డబ్బు మీద కూడా పనిచేశాయి. వీళ్లలో ఎవరినడిగినా తాము చేసింది "మామూలు పద్ధతే" అని చెబుతారు.

ఇప్పుడు మార్పు గురించి. ఇక్కడ మూడు రకాలను విడదీసి చూడకపోతే మీ ప్రశ్నకు జవాబు దొరకదు. ఇతరులు ఏం చేసినా నేను చేసేది నా అలవాటు. అందరూ ఒకేలా చేస్తే చాలు, ఏది చేసినా ఫరవాలేదు అన్నది ఒప్పందం లాంటిది. ఇతరులు చేస్తారనీ, నేను కూడా చేయాలని వాళ్లు ఆశిస్తారనీ అనుకోవడం వల్ల చేసేది కట్టుబాటు. తత్వవేత్త క్రిస్టీనా బిక్కియేరి చేసిన పని ఈ తేడాలను గుర్తుపట్టడంలో నాకు ఎంతో ఉపయోగపడింది.

ఒప్పందం రాత్రికి రాత్రి మారగలదు. స్వీడన్‌లో 1955లో ప్రజాభిప్రాయం అడిగితే 80 శాతానికి పైగా జనం రోడ్డుకు ఎడమ వైపునే నడుపుతామన్నారు. అయినా 1967 సెప్టెంబర్ 3 తెల్లవారుజామున దేశం దేశమంతా కుడి వైపుకు మారిపోయింది. ఇష్టం లేనివాళ్లు కూడా మారారు, ఎదురుగా వచ్చే బండి అటే వస్తుందని తెలుసు కాబట్టి.

కట్టుబాటు అలా మారదు. చైనాలో ఆడపిల్లల పాదాలు విరిచి కట్టే ఆచారం దాదాపు వెయ్యేళ్లు సాగింది. 17వ శతాబ్దంలో మంచూ పాలకులు నిషేధించినా ఆగలేదు. ఎందుకాగలేదో ఒక తల్లి స్థానంలో ఉండి ఆలోచించండి. కూతురి నొప్పి ఆమెకు తెలుసు, తనూ అనుభవించిందే. కానీ పాదాలు కట్టని పిల్లకు పెళ్లి కాదన్నది ఆమె భయం, ఆ ఊళ్లో ఆ భయం నిజం కూడా. ఒక్క ఇల్లు మానేస్తే నష్టం ఆ ఇంటికే. 19వ శతాబ్దం చివర్లో వచ్చిన సంఘాలు ఈ ముడిని సరిగ్గా గుర్తించాయి. చేరిన కుటుంబాలు రెండు ప్రమాణాలు చేసేవి: మా కూతుళ్ల పాదాలు కట్టం, కట్టిన పిల్లలను మా కొడుకులకు చేసుకోం. రెండో ప్రమాణం మొదటిదాన్ని నిలబెట్టింది. గెర్రీ మాకీ తన పరిశోధనలో ఎత్తిచూపిన లెక్క ప్రకారం, టింగ్‌షియన్ ప్రాంతంలో 1889లో 99 శాతం ఉన్న ఈ ఆచారం 1899కి 94 శాతం దగ్గరే ఉంది. 1919కి దాదాపు సున్నా. వెయ్యేళ్లది ఇరవై ఏళ్లలో పోయింది. మనుషుల స్వభావం ఇరవై ఏళ్లలో మారదు కదా. మారింది ఒకరి గురించి ఒకరి అంచనా.

ఇంకో సంగతి, ఆ అంచనాలు తరచుగా తప్పు. నేను పనిచేసిన ఒక సంస్థలో పని వేళ అయిపోయినా ఎవరూ కుర్చీ వదిలేవారు కాదు. విడివిడిగా మాట్లాడితే ప్రతి ఒక్కరిదీ ఒకే మాట: "నాకు వెళ్లిపోవాలనే ఉంటుంది, మిగతావాళ్లు ఏమనుకుంటారో అని టెన్షన్." పేరు రాయక్కర్లేని చీటీల మీద రెండు ప్రశ్నలడిగాం. వేళకు లేచి వెళ్లేవాళ్లంటే మీకు చిన్నచూపా? మిగతావాళ్లకు చిన్నచూపు ఉందనుకుంటున్నారా? మొదటిదానికి దాదాపు అందరూ లేదన్నారు. రెండోదానికి చాలామంది ఉందన్నారు. ఆ రెండు జవాబులనూ అందరి ముందూ పక్కపక్కన పెట్టాం. పై అధికారి కూడా వేళకు లేవడం మొదలుపెట్టాక పరిస్థితి మారింది. ఆయన లేవకపోయి ఉంటే ఆ కాగితం ఒక్కటే సరిపోయేదని నేననుకోను.

పెద్ద స్థాయిలోనూ ఇదే చూశారు. లియోనార్డో బుర్స్‌టిన్, ఇద్దరు సహచరులు కలిసి సౌదీ అరేబియాలో చేసిన ప్రయోగం 2020లో అచ్చయింది. ఆడవాళ్లు బయట ఉద్యోగం చేయడాన్ని చాలామంది యువ భర్తలు సొంతంగా సమర్థించారు. కానీ తమ చుట్టూ ఉన్న మగవాళ్లు అంతగా సమర్థించరనుకున్నారు. అసలు లెక్క చెప్పాక, తమ భార్యలను ఉద్యోగాల కోసం నమోదు చేయించినవాళ్లు పెరిగారు. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు, ఎవరి నమ్మకాన్నీ మార్చలేదు.

ఇది తెలియక మంచి ఉద్దేశంతో చేసే ప్రచారాలు ఎదురుతిరుగుతాయి. అమెరికాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ జాతీయ ఉద్యానంలో రాయిగా మారిన చెట్ల ముక్కలను సందర్శకులు ఎత్తుకుపోతుంటారు. రాబర్ట్ చియాల్డీని బృందం అక్కడ రకరకాల బోర్డులు పెట్టి చూసింది. "చాలామంది తీసుకుపోవడం వల్ల అడవి పాడవుతోంది" అన్న బోర్డు దగ్గర, "దయచేసి తీయకండి" అన్న బోర్డు దగ్గర కంటే ఎక్కువ దొంగతనం జరిగింది. "చాలామంది తీస్తున్నారు" అన్న కబురే జనానికి చేరింది. నలుగురితో నారాయణా అనుకున్నారు. అవినీతి, వేధింపులు, కాపీ కొట్టడం గురించి "ఇది అంతటా ఉంది" అని ఊదరగొట్టే ప్రచారం చూసినప్పుడల్లా నాకు ఆందోళనగా ఉంటుంది.

చట్టంతో పనిలేదా అంటే, ఉంది. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి దౌత్యవేత్తలకు పార్కింగ్ జరిమానా కట్టించే వీలుండేది కాదు. 1997 చివరి నుంచి 2002 వరకు కట్టని చలాన్లు 1,50,000 దాటాయి. రేమండ్ ఫిస్మన్, ఎడ్వర్డ్ మిగెల్ వాటిని దేశాలవారీగా చూశారు. స్వీడన్, నార్వే, జపాన్ దౌత్యవేత్తలవి ఒక్కటీ లేవు. అవినీతి ఎక్కువని పేరున్న దేశాల వాళ్లవి చాలా ఎక్కువ. ఊరు ఒకటే, రోడ్డు ఒకటే, శిక్ష ఎవరికీ లేదు. అయినా ఎవరి ఇంటి కట్టుబాటు వాళ్లతో వచ్చింది. తర్వాత 2002లో దౌత్య నంబరు ప్లేట్లు తీసేసే అధికారం నగరానికి వచ్చింది. ఉల్లంఘనలు 98 శాతం తగ్గిపోయాయి. సంస్కృతిని తలరాత అనుకునేవాళ్లకు ఈ రెండో లెక్క కూడా చూపించాలి.

ఒక హెచ్చరిక తప్పనిసరి. దేశాల సగటును ఎదురుగా ఉన్న మనిషి మీద రుద్దకండి. ఒక మేనేజరు తన టీములోని ముగ్గురి గురించి "ఆ దేశం వాళ్లంతే, మీటింగులో నోరు తెరవరు" అని నాతో అన్నాడు. ఆ ముగ్గురితో విడివిడిగా మాట్లాడాను. ఒకామెకు పెద్దవాళ్ల మాటకు అడ్డు రావడం మర్యాద కాదనిపిస్తుంది, అది సంస్కృతే. ఇంకొకతనికి భాషలో తప్పులు దొర్లుతాయని బెరుకు. మూడో అతను మొదటి మీటింగులో ఒక సలహా ఇస్తే అందరూ నవ్వారు, అప్పటి నుంచి ఊరుకున్నాడు. సంస్కృతి పేరు చెప్పి మేనేజరు ఆ మూడో మనిషికి జరిగింది చూడకుండా ఉండిపోయాడు. దీనికి తోడు, 2003 నుంచి 2007 మధ్య ప్రముఖ మనోవిజ్ఞాన పత్రికల్లో వచ్చిన పరిశోధనల్లో పాల్గొన్నవాళ్లలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాల వాళ్లే. ప్రపంచ జనాభాలో ఆ దేశాల వాటా 12 శాతం. కాబట్టి "మనిషి స్వభావం ఇది" అని ధీమాగా చెప్పే వ్యాసం చదివినప్పుడు, ఏ మనుషులను చూసి రాశారో చూడండి.

మీరు ఏం చేయొచ్చంటే, ముందు మీకు ఇబ్బందిగా ఉన్న ప్రవర్తన ఏ రకమో తేల్చుకోండి. అందుకు నేను అడిగే ప్రశ్న ఒక్కటే: ఎవరూ చూడరనీ, ఎవరికీ ఎప్పటికీ తెలియదనీ ఖాయమైతే మీరు అలాగే చేస్తారా? చేస్తారంటే అది అలవాటో, మీరు నిజంగా నమ్మే విలువో. అలవాటైతే మార్చుకోవడం మీ చేతుల్లో పనే. చేయనంటే కట్టుబాటు, దాన్ని ఒంటరిగా ఎదిరించి నీరసపడకండి. మీకు దగ్గరి ఇద్దరు ముగ్గురిని విడివిడిగా, నిజాయితీగా అడిగి చూడండి. సోలమన్ ఆష్ 1950లలో చేసిన ప్రయోగాల్లో, గదిలో మిగతావాళ్లంతా ముందే అనుకుని, కళ్లెదుట కనిపిస్తున్న గీత పొడవును తప్పుగా చెబుతుంటే, ఆ సంగతి తెలియని మనిషి జవాబుల్లో మూడింట ఒక వంతు గుంపు వైపు మొగ్గాయి. నిజం చెప్పే మనిషి ఇంకొక్కరు ఆ గదిలో ఉండేసరికి అది బాగా పడిపోయింది. ఒళ్లు మాత్రం మొదట్లో ఎదురుతిరుగుతుంది, గుండె దడ రాగానే "ఇది నా వల్ల కాదు" అనుకోకండి. నా విద్యార్థుల్లో లిఫ్టు ప్రయోగం మళ్లీ మళ్లీ చేసినవాళ్లకు ఆ దడ తగ్గిపోతుంది.

మీరు వదిలించుకోవాలనుకుంటున్నది ఏమిటో ప్రశ్నలో రాయలేదు. రాస్తే, అందులో అలవాటు ఎంత, కట్టుబాటు ఎంత, ఎవరితో మాట్లాడటం మొదలుపెట్టాలి అన్నది ఇంకా వివరంగా చెప్పగలను.